‘అంకుర్’ నుంచి ‘సంవిధాన్’ దాకా: శ్యామ్ బెనెగల్ నేర్పిన పాఠం

(శ్యామ్ బెనెగల్ సినిమాలపై విద్యార్థులు, ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక సినిమా డైరెక్టర్ గురించి మనం సభ పెట్టుకోవడం ఏందని కొందరికి అనిపించవచ్చు. మనం నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడినవాళ్లం. జీవోలు, గెజిట్లు, ముల్కీ రూల్సు అంటూ ఏండ్లకేండ్లు మాట్లాడినవాళ్లం. మరి సినిమాతో మనకేం పని? పని ఉంది మిత్రులారా. మనకు జరిగిన అన్యాయం కాలువల్లో, కొలువుల్లో మాత్రమే జరగలేదు. తెర మీద కూడా జరిగింది. రౌడీ మాట్లాడితే మన యాస. జోకర్ మాట్లాడితే మన యాస. హీరో, హీరోయిన్ మాత్రం ఏనాడూ మన మాట మాట్లాడలేదు. టాకీసులో కూర్చుని మన అమ్మ మాటకు పక్కవాడు నవ్వుతుంటే, అతనితోపాటు మనమూ నవ్విన రోజులున్నాయి. ఆ నవ్వు వెనక ఉన్న అవమానం అర్థం కావడానికి మనకు చాలా కాలం పట్టింది.

అట్లాంటి కాలంలో, 1974లో, తెలంగాణ పల్లెను, దొరను, జీతగాన్ని, కూలి ఆడబిడ్డను ఎవరూ నవ్వడానికి వీల్లేకుండా తెర మీద నిలబెట్టిన సినిమా ఒకటి వచ్చింది. అది తెలుగు సినిమా కాదు, హిందీ సినిమా. దాని పేరు ‘అంకుర్’. తీసినాయన శ్యామ్ బెనెగల్. 2024 డిసెంబర్ 23న, తొంభై ఏండ్లు నిండిన తొమ్మిది రోజులకు ఆయన ముంబైలో కన్నుమూశారు. దేశమంతా నివాళులు రాసింది. ‘సమాంతర సినిమా పితామహుడు’ అని రాసింది. అది నిజమే. అయితే ఆ సమాంతర సినిమాకు మట్టి ఎక్కడిదో మనం చెప్పుకోవాలె. అందుకే ఈ సభ.

తిరుమలగిరి పిల్లగాడు

బెనెగల్ 1934 డిసెంబర్ 14న సికింద్రాబాద్ పక్కన తిరుమలగిరిలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. ఇంట్లో కొంకణి మాట్లాడే కుటుంబం. పూర్వీకులది కర్ణాటక ప్రాంతం. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఫొటోగ్రాఫర్. తండ్రి ఇచ్చిన కెమెరాతో పన్నెండేండ్లకే ఈ పిల్లగాడు తన మొదటి సినిమా తీశాడు. ఒకపక్క కంటోన్మెంటు, మిలిటరీ వాళ్లు చూసే ఇంగ్లీషు సినిమాలు. ఇంకోపక్క ఊర్లు, గడీలు, వెట్టి. ఆయనకు పన్నెండేండ్లు వచ్చేనాటికి నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సాయుధ పోరాటం నడుస్తున్నది. పద్నాలుగో ఏడు నడుస్తుండగా 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. ఒక రాజ్యం కూలిపోవడం, ఇంకో రాజ్యం రావడం, అయినా ఊర్లో దొర మాత్రం దొరగానే మిగలడం చూసిన తరం అది.

ఆ తర్వాత ఆయన ఉస్మానియాలో ఎకనామిక్స్ ఎం.ఏ. చదివారు. ఇక్కడున్న విద్యార్థులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలె. ఆయన మన క్యాంపస్ మనిషి. చదువుకునే రోజుల్లోనే హైదరాబాద్ ఫిలిం సొసైటీ పెట్టారు. ‘అంకుర్’ కథ కూడా ఆ రోజుల్లో రాసుకున్నదే. దగ్గరి బంధువు గురుదత్ అప్పటికే బొంబాయిలో పెద్ద డైరెక్టర్. కావాలంటే ఆ నీడలో చేరి తొందరగానే సినిమా తీయవచ్చు. ఆయన ఆ దారిన పోలేదు. బొంబాయి పోయి 1959లో ఒక అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో కాపీ రైటర్‌గా చేరారు. సబ్బులు, నూనెలు, బట్టలు అమ్మే మాటలు రాశారు. 1962లో గుజరాతీలో మొదటి డాక్యుమెంటరీ తీశారు. జీవితం మొత్తం మీద ఆయన తీసిన ప్రకటనలు, డాక్యుమెంటరీలు కలిపితే తొమ్మిది వందలకు పైనే ఉంటాయని లెక్క. పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత రెండుసార్లు ఆ సంస్థకు ఛైర్మన్‌గా పనిచేశారు. హోమీ భాభా ఫెలోషిప్ మీద అమెరికా పోయి పిల్లల టెలివిజన్ ఎట్లా తయారవుతుందో దగ్గరుండి చూసి వచ్చారు.

ఇవన్నీ ఎందుకు చెపుతున్నానంటే, విద్యార్థిగా రాసుకున్న కథ తెరకెక్కేసరికి ఆయనకు నలభై ఏండ్లు దగ్గరపడ్డాయి. ఆ కథను అన్నేండ్లు పట్టుకుని తిరిగారు. చివరికి సినిమాహాళ్లకు ప్రకటన చిత్రాలు పంపిణీ చేసే బ్లేజ్ అనే సంస్థ పెట్టుబడి పెట్టింది. ఒక తెలంగాణ ఊరి కథ బొంబాయిలో డబ్బు దొరకక పదేండ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. ఇవ్వాళ షార్ట్ ఫిలిం తీసి ఆరు నెలల్లో పేరు రాలేదని డీలా పడుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ సంగతి మతికుంచుకోవాలె.

ఎల్లారెడ్డిగూడ నుంచి లోకానికి

‘అంకుర్’ తీసింది ఎల్లారెడ్డిగూడలో. అప్పుడది ఊరు. ఇవ్వాళ అక్కడికి పోతే అపార్ట్‌మెంట్లు తప్ప ఏమీ కనపడవు. కథ అందరికీ తెలిసిందే. పట్నంలో చదివిన దొర కొడుకు సూర్య భూములు చూసుకోవడానికి ఊరికి వస్తాడు. ఇంటి పని చేసే దళిత స్త్రీ లక్ష్మి. ఆమె భర్త కిష్టయ్య మాటలు రాని, చెవులు వినపడని మనిషి. కుమ్మరి పని చేసేవాడు. కల్లు దొంగిలించాడని గుండు గీసి, గాడిద మీద ఊరేగిస్తారు. ఆ అవమానంతో అతను ఊరు విడిచిపోతాడు. సూర్య మొదట్ల కులం పట్టింపు లేనట్టే కనపడతాడు. ఆమె వండింది తింటాడు, ఆమె పెట్టిన చాయ తాగుతాడు. ఆమెకు కడుపయ్యేసరికి వాని చదువు, ఆధునికత అన్నీ మాయమై లోపల ఉన్న దొర బయటికి వస్తాడు. తిరిగొచ్చిన కిష్టయ్య పని అడుగుదామని సంబురంగా వస్తుంటే, తన మీదికే వస్తున్నాడని భయపడి కొరడాతో కొడతాడు. చివరికి ఒక చిన్న పిల్లగాడు దొర కిటికీ మీదికి రాయి విసిరి ఉరుకుతాడు. అదే అంకురం.

ఇందులో రెండు సంగతులు గమనించాలె. మొదటిది, దొర ఎందుకు కొట్టాడు? కోపంతో కాదు, భయంతో. తప్పు చేసినవానికి బాధితుని సంతోషం కూడా దాడి లాగనే కనపడుతుంది. ఉద్యమ కాలంలో మన చిన్న కోరికను కూడా దేశద్రోహం లెక్క చూసినవాళ్లు మనకు గుర్తున్నారు. రెండోది, భాష. ఈ సినిమాలో మనుషులు దక్కనీ మాట్లాడతారు. మన పట్నం గల్లీల్లో, మన ఊర్ల సంతల్లో వినపడే హిందుస్తానీ. అంతకుముందు హిందీ సినిమాలో హైదరాబాదీ మాట అంటే కామెడీ. 1965లో వచ్చిన ‘గుమ్‌నామ్’లో మెహమూద్ ఆ యాసతోనే దేశాన్ని నవ్వించారు. ఆయన గొప్ప నటుడే, కాదనను. అయితే అక్కడ దక్కనీ నవ్వు కోసం. బెనెగల్ చేతిలో అదే దక్కనీ ఏడుపుకు, కోపానికి, ప్రేమకు, శాపనార్థానికి పనికొచ్చింది. తెలుగు తెర మీద తెలంగాణ యాసకు జరిగిన అవమానమే హిందీ తెర మీద దక్కనీకి జరుగుతుండేది. దాన్ని మొదట తుడిచినవాళ్లలో బెనెగల్ ముందున్నారు.

షబానా ఆజ్మీకి అది మొదటి సినిమా. ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. కిష్టయ్యగా చేసిన సాధు మెహెర్‌కు ఉత్తమ నటుడి అవార్డు. నోటి మాట లేని ఒక తెలంగాణ పేదవాని పాత్రకు దేశం పెద్ద అవార్డు ఇచ్చింది.

మరుసటి ఏడు ‘నిశాంత్’ వచ్చింది. 1945 నాటి కథ. దొర తమ్ముళ్లు బడి పంతులు భార్యను గడీలకు ఎత్తుకపోతారు. పంతులు పోలీసు దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి తిరిగి తిరిగి అలిసిపోతాడు. చివరికి ఊరంతా గడీ మీద పడుతుంది. ఆ ఆవేశంలో నిరపరాధులు కూడా చస్తారు. అది 1976లో కాన్ పోటీకి వెళ్లింది. మన గడీ లోపల ఏం జరిగిందో ఫ్రాన్సులో కూర్చున్నవాళ్లు చూశారు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం ఆ ముచ్చటను చాలా కాలం ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేశాయి.

విమర్శ కూడా ఉండాలె

పొగుడుకుంటూ కూర్చోవడానికి మనం ఇక్కడికి రాలేదు. బెనెగల్ తెలంగాణను చూసిన తీరులో లోటు లేదా? నా లెక్కన ఉంది. ‘నిశాంత్’లో జనాన్ని కదిలించేది బడి పంతులు, గుడి పూజారి. ఆ కాలంలో నిజంగా ఊర్లను కదిలించిన సంఘం అందులో కనపడదు. గుతపలు పట్టిన ఆడవాళ్లు, రాత్రి బడులు, పాటలు, దళాలు కనపడవు. జనం కోపం కనపడుతుంది, జనం ఆలోచన కనపడదు. ఆయన మన బాధను చూసినంత లోతుగా మన నిర్మాణాన్ని చూడలేదు.

ఆ లోటును తీర్చడానికి మనవాళ్లే రావాల్సి వచ్చింది. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలుగా, బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ దర్శకుడుగా తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. దాని ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. అందులో జనం మన తెలుగే మాట్లాడారు. గద్దర్ తెర మీద నిలబడి పాడారు. ఆ తర్వాత నర్సింగరావు ‘దాసి’ తీశారు. గడీల ఆడబాపల బతుకు అందులో ఉంది. ‘అంకుర్’, ‘నిశాంత్’, ‘మా భూమి’, ‘దాసి’ ఈ నాలుగూ ఒక వరుసలో చూడండి. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు సరిదిద్దుతూ ముందుకు తీసుకుపోయినట్టు కనపడుతుంది.

ఇంకో మాట. బెనెగల్‌ను నేను ఉద్యమకారుడని చెప్పడం లేదు. ఆయన దేశమంతా తిరిగిన మనిషి. గుజరాత్ పాల రైతుల మీద ‘మంథన్’, బెంగాల్ కౌలు రైతుల మీద ‘ఆరోహణ్’, గోవా మీద ‘త్రికాల్’ తీశారు. ‘త్రికాల్’కు ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. అయితే మళ్లీ మళ్లీ ఈ గడ్డకు తిరిగొచ్చారు. తెలుగులో ‘అనుగ్రహం’ తీశారు. అనంతనాగ్, వాణిశ్రీ, స్మితా పాటిల్ నటించారు. 1983లో ‘మండీ’ తీశారు. హైదరాబాద్‌లో ఒక వేశ్యాగృహం కథ అది. నగరం నడిబొడ్డున ఉన్న ఇంటిని మర్యాదస్తులు, కాంట్రాక్టర్లు కలిసి ఊరి బయటికి తోస్తారు. ఆ బయలులోనే మళ్లీ బజారు మొలుస్తుంది. భూమి ధర కోసం మనుషులను ఎట్లా జరుపుతారో నలభై ఏండ్ల కిందనే ఆయన నవ్వుతూ చెప్పారు. హైదరాబాద్ చుట్టూ ఏం జరిగిందో చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

మగ్గం, బాయి

1987 నాటి ‘సుస్మన్’ గురించి చెప్పకుంటే నా మాట పూర్తి కాదు. పోచంపల్లి నేతన్నల కథ అది. ఓం పురి రాములు, షబానా గౌరమ్మ. రాములు పనితనానికి విదేశాల్లో పేరు. ఎగ్జిబిషన్ కోసం పట్నం నుంచి డిజైనర్ వస్తుంది. కానీ సొంత బిడ్డ పెండ్లికి ఒక పట్టుచీర నేద్దామంటే అతనికి పట్టు లేదు. ఇచ్చిన పట్టులోంచి కొంత మిగిలిస్తే దొంగ అనే పేరు. లోకానికి చీరలు నేసేవాని బిడ్డకు చీర లేదు. ఇంతకన్నా సూటిగా చేనేత సంక్షోభాన్ని చెప్పిన సినిమా నాకు తెలియదు. దానికి డబ్బు పెట్టింది చేనేత సహకార సంఘాలే. ఆ తర్వాతి ఏండ్లలో సిరిసిల్ల నుంచి, పోచంపల్లి నుంచి నేతన్నల ఆత్మహత్యల వార్తలు ఎన్ని విన్నామో మీకు తెలుసు. సినిమా ముందే హెచ్చరించింది. పాలకులు వినలేదు.

సరిగ్గా ముప్పై రెండేండ్లకు, 2019లో, ‘మల్లేశం’ వచ్చింది. ఆసు పోసీ పోసీ తల్లి చెయ్యి గుంజుతుంటే చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. ‘సుస్మన్’లో నేతన్న నిస్సహాయుడు. ‘మల్లేశం’లో నేతన్న ఇంజినీరు. ఈ రెండు సినిమాలు ఒకేనాడు పక్కపక్కన వేసి చూడాలని నా కోరిక.

2010లో విడుదలైన ‘వెల్ డన్ అబ్బా’కు ఒక ఆధారం హైదరాబాద్ ఉర్దూ రచయిత్రి జీలానీ బానో కథ. అర్మాన్ అలీ అనే డ్రైవర్ సర్కారు స్కీములో బాయి కోసం దరఖాస్తు పెడతాడు. ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో కోత. చివరికి డబ్బంతా అయిపోతుంది, బాయి ఉండదు. కాగితం మీద మాత్రం బాయి తవ్వినట్టు, నీళ్లు పడ్డట్టు సర్టిఫికెట్లు ఉంటాయి. తండ్రీ బిడ్డా కలిసి పోలీసు స్టేషన్‌కు పోయి ‘మా బాయి దొంగలెత్తుకపోయిన్రు’ అని కేసు పెడతారు! ఉద్యోగ మిత్రులు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మన టేబుల్ మీద కూడా ఎవరి బాయో ఒకటి ఆగి ఉందేమో ఇంటికి పోయినంక ఆలోచించండి. స్వరాష్ట్రం వచ్చినంక కూడా బాయి కాగితం మీదనే ఉంటే, ఆ దొంగ ఎవరని ఎవరి మీద కేసు పెడదాం?

చిన్న తెర, పెద్ద పని

ఇక టెలివిజన్. చాలామంది సినిమావాళ్లకు టీవీ అంటే చిన్నచూపు. బెనెగల్‌కు అట్లా లేదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో రెండు వేల నాలుగు వందల ఊర్లలో నడిచింది. అందులో పిల్లల కోసం ఆయన చిన్న చిత్రాలు తీసి ఇచ్చారు. 1986లో ‘యాత్రా’ తీశారు. రైలు ప్రయాణమే కథ. దేశం ఆ కొస నుంచి ఈ కొస దాకా పెట్టెల్లో కూర్చుని మాట్లాడుకుంటుంది. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ హిందీ సీరియల్‌గా తీసి కృష్ణ ఒడ్డు ఊరి మనుషులను దేశానికి పరిచయం చేశారు. తెలంగాణ గడీని చూపిన మనిషే అమరావతిని కూడా అంతే ప్రేమగా చూపారు. ఎవరి బతుకును వాళ్ల చోట, వాళ్ల తీరుగా గౌరవించడం అంటే అది. మనం అడిగింది కూడా అదే కదా.

1988లో ‘భారత్ ఏక్ ఖోజ్’ మొదలైంది. నెహ్రూ అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసిన పుస్తకం ఆధారంగా యాభై మూడు భాగాలు. ఐదు వేల ఏండ్ల చరిత్ర. మా తరం వాళ్లం ఆదివారం పూట పక్కింటి టీవీ ముందు నేల మీద కూర్చుని చూసినం. చరిత్ర అంటే రాజుల పేర్లు, తారీఖులు కాదని, వాదన అని నాకు మొదట చెప్పింది ఆ సీరియలే. పరీక్షలో దానికి మార్కులు రాలేదు, అది వేరే సంగతి.

చివరి పెద్ద సీరియల్ ‘సంవిధాన్’. రాజ్యాంగ సభ చర్చల మీద పది భాగాలు. అంబేద్కర్‌గా సచిన్ ఖేడేకర్. ఒక తారీఖు చెపుతాను, వినండి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ తెలంగాణ బిల్లును ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకంతో అది చట్టమైంది. మార్చి 2న రాజ్యసభ టీవీలో ‘సంవిధాన్’ మొదటి భాగం ప్రసారమైంది. ఎవరూ అనుకుని చేసింది కాదు, కాకతాళీయమే. అయినా మూడో అధికరణం మన చేతికి ఫలితం ఇచ్చిన మరునాడే, ఆ రాజ్యాంగం ఎట్లా పుట్టిందో చూపే పని తిరుమలగిరిలో పుట్టిన మనిషి మొదలుపెట్టాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మన ముందున్న పని

మిత్రులారా, ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. 2006 నుంచి 2012 దాకా నామినేటెడ్ సభ్యుడిగా రాజ్యసభలో కూర్చున్నారు. అవన్నీ ఆయనవి. మనకు కావలసింది ఆయన పద్ధతి.

డబ్బు లేదంటారా? ‘మంథన్’ చూడండి. గుజరాత్‌లో ఐదు లక్షల మంది పాల రైతులు తలా రెండు రూపాయలు వేసుకున్నారు. పది లక్షలతో సినిమా అయింది. తర్వాత ‘మా సినిమా’ అని బండ్లు కట్టుకుని పోయి చూశారు. 2024లో ఆ సినిమాకు కొత్త ప్రింటు చేసి కాన్‌లో వేశారు. తలా రెండు రూపాయల పెట్టుబడి దాదాపు యాభై ఏండ్లు నిలిచింది. సకల జనుల సమ్మెలో ఒకరి జీతం ఒకరు పంచుకుని నలభై రెండు రోజులు నిలబడిన మన ఉద్యోగులకు చందా అంటే ఏందో ఎవరూ నేర్పనక్కర్లేదు.

భాష గురించి కూడా ఒక హెచ్చరిక. ఇవ్వాళ మన యాస మార్కెట్ అయింది. ‘ఫిదా’లో హీరోయిన్ మాట్లాడింది, జనం చప్పట్లు కొట్టారు. ‘బలగం’లో చావు ఇంటి ముచ్చట, పిట్టకు పెట్టే ముద్ద, అన్నదమ్ముల పంతం చూసి ఊర్లకు ఊర్లు ఏడ్చాయి. మంచిదే, గర్వపడదాం. కానీ యాస వచ్చినంత మాత్రాన బతుకు వచ్చినట్టు కాదు. దావత్, మందు, బూతు ఇవే తెలంగాణ అన్నట్టు తీస్తే, నిన్న అవతలివాళ్లు చేసిన అవమానం ఇవ్వాళ మనమే మనకు చేసుకున్నట్టు. బెనెగల్ దక్కనీని వాడింది అలంకారానికి కాదు. ఆ మనిషికి వేరే భాష లేదు కాబట్టి వాడారు.

కాబట్టి నా విన్నపం చిన్నది. హాస్టళ్లలో, యూనియన్ ఆఫీసుల్లో నెలకొక సాయంత్రం ఈ సినిమాలు వేయండి. ‘అంకుర్’ పక్కన ‘మా భూమి’, ‘సుస్మన్’ పక్కన ‘మల్లేశం’ వేయండి. చూసినంక గంటసేపు కొట్లాడుకోండి. మీ ఊర్లో వెట్టి చేసిన, సంఘంలో తిరిగిన ముసలవ్వ, తాత ఇంకా ఉంటే ఫోన్ కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించండి. పన్నెండేండ్ల పిల్లగాడు తండ్రి కెమెరాతో మొదలుపెట్టాడు. మీ అందరి జేబుల్లో అంతకన్నా మంచి కెమెరా ఉంది. ఇంకొక బెనెగల్ బయటినుంచి వచ్చి మన కథ చెపుతాడని ఎదురుచూడకండి.